ఉచిత చిరునామాను నమ్మవచ్చునా?

2025వ సంవత్సరపు వేసవిలో నాకు బెంగుళూరునుండి యొక యీమెయిలు వచ్చినది. వ్రాసినది యొక తెలుగు గృహిణి. ఆమె తన యింట జరుగబోవు గృహప్రవేశమునకు వచ్చెడి బంధువుల కందఱకును తలకొక సీసా యావకాయ పంచిపెట్టదలచి, 40 కిలోలు కావలెనని యడిగినది. కిలో 450 రూపాయల చొప్పున 18,000 రూపాయలగునని లెక్క వ్రాసి, అందులో సగము ముందుగా పంపుడని కోరితిని. దానికి వచ్చిన ప్రత్యుత్తరములో నిట్లున్నది: "మీకు స్వంత వెబ్‌సైటు లేదు, స్వంత చిరునామాయైనను లేదు. ఎవరైనను ఊరక తెఱచుకొనగల జీమెయిలు చిరునామానుండి వ్రాయువారిని నమ్మి 9,000 రూపాయలు పంపుట యెట్లు?"

ఆ మాట చదివినపుడు నాకు కోపమునకు మాఱుగా సిగ్గు కలిగినది. ఏలయన, ఇంచుమించుగా నవే మాటలు రెండేండ్ల క్రిందట నేను మఱియొక స్త్రీకి వ్రాసియుంటిని. వానివలన నాకు 12,500 రూపాయలును, ఆమెకొక మంచి బేరమును పోయినవి. ఈనాడు ఇంటిపట్టున నుండి ఫోనులో చీరలు చూడని యిల్లాలు అరుదు. పచ్చళ్లో, పిండివంటలో, కుట్టుపనియో పెట్టుకొని నాలుగు రూపాయలు సంపాదింపజూచెడి యిల్లాండ్రును పెక్కురు. కొనువారికిని అమ్మువారికిని గూడ పనికివచ్చునను తలంపుతో నా యనుభవమును సోదరీమణుల యెదుట నుంచుచున్నాను.

2023లో మా యన్నగారి కుమార్తెకు నిజ శ్రావణములో పెండ్లి కుదిరినది. ఆ యేడు శ్రావణము అధికమాసముతో గూడి వచ్చుటచే పనులకు కొంత వ్యవధి దొరకినది. మేనత్తగా నేనొక ఉప్పాడ జామ్దానీ చీర పెట్టదలచితిని. రాజమహేంద్రవరమునందున్న మాకు ఉప్పాడ దూరదేశము కాదు. ఒక దినములో పోయి రావచ్చును. కాని యప్పుడే మా వారికి మోకాలి శస్త్రచికిత్స జరుగుటచే నేనిల్లు కదలలేక ఫోనులోనే వెదకి, ఇద్దఱు ముగ్గురు వర్తకులకు వ్రాసితిని.

మొదటి జవాబు ఉప్పాడ చేరువనున్న పల్లెనుండి ఒక నేతగాని భార్య వ్రాసినది. భర్త మగ్గముమీద కూర్చుండును. ఆమె కండెలు చుట్టును. ఉత్తరములును లెక్కలును ఆమెయే చూచుకొనును. తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసిన ఉత్తరమది, తప్పులును పెక్కులు. మగ్గముమీద నున్న చీరను ఫొటో తీసి పంపి, "ఇంకను మూడు వారముల పని యున్నది. ధర 14,000. బయానా 3,000 పంపిన యెడల మీకే యుంచెదము, మిగిలినది చీర ముట్టిన పిదప నీయవచ్చును" అని తెలిపినది. ఆ చీరలలోని బుటాలను యంత్రము వేయదు. నేతగాడు పేకతోపాటు విడిపోగులను చేతితో నెక్కించుకొనుచు నేయును. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన పనితనమది. తొందరపెట్టిన వచ్చునది కాదు. ఆమె చిరునామా మాత్రము జీమెయిలుది: తన పేరు, ఊరి పేరు, కడపట రెండంకెలు.

రెండవ జవాబు ఒక పెద్ద దుకాణము పేరుతో వచ్చినది. తప్పులేని ఇంగ్లీషు. మర్యాదకు లోటులేదు. చిరునామాలో 'ఎట్' గుర్తునకు పిమ్మట జీమెయిలు, యాహూ వంటి మాటకు బదులు ఆ దుకాణము పేరే యున్నది. అట్టిదే చీర 12,500కే యిచ్చెదమనియు, ఆ తగ్గింపు ధర ఆ రాత్రితో ముగియుననియు, సొమ్మంతయు ముందుగా పంపవలెననియు వ్రాసిరి.

అప్పుడు మా మఱది కుమారుడు సెలవులకు హైదరాబాదునుండి మా యింటికి వచ్చియుండెను. వానికి రెండుత్తరములును చూపితిని. "దొడ్డమ్మా! సొంత డొమైన్ కూడా లేనివాళ్లను నమ్మకండి. ఆ జీమెయిల్ ఎవరైనా రెండు నిమిషాల్లో తెరవొచ్చు" అని వాడనెను. వాని మాటలో నబద్ధమేమియు లేదు. నేనును అదియే తెలివి యనుకొంటిని. నేతగాని భార్యకు "స్వంత చిరునామాయైనను లేనివారికి బయానా పంపుట యెట్లు?" అని వ్రాసి, దుకాణమువారికి సొమ్ము పంపితిని.

చీర రాలేదు. మొదటి వారము "బయలుదేరినది" అనిరి. రెండవ వారము ఫోను పలుకలేదు. పండ్రెండవ దినమున వారి వెబ్‌సైటే కనబడలేదు. అప్పటికి గాని మాకు 1930 అను సైబరు నేరముల సహాయపు ఫోనుసంఖ్య జ్ఞాపకము రాలేదు. ఆ సంఖ్యకు వెంటనే చెప్పిన యెడల, సొమ్ము మోసగాని ఖాతానుండి కదలకమునుపే దానిని బ్యాంకులో నిలుపుటకు ప్రయత్నింతురు. పండ్రెండు దినములు గడచిన పిదప నిలుపుట కందులో నేమియు మిగిలియుండలేదు. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొన్నట్లయినది. పెండ్లికి నేను ఊరిలోని కొట్టులో మఱియొక చీర కొని పెట్టితిని. పిల్ల సంతోషించినది. నాకు మాత్రము ఆ చీర చూచినపుడెల్ల మగ్గముమీది చీర ఫొటో కన్నులకు గట్టెడిది.

మా మఱది కుమారుడు నొచ్చుకొని ఆ దుకాణపు చిరునామా పుట్టుపూర్వోత్తరములు వెదకెను. డొమైను పేరును ఎవరు కొన్నదియు నేడు తఱచుగా మఱుగుననే యుండును గాని, ఏనాడు కొన్నదియు ఎవరైనను ఇంటర్నెట్టులో చూడవచ్చును. నాకు వారి జవాబు వచ్చుటకు సరిగా 19 దినముల ముందు ఆ పేరు పుట్టినది! "ఇంటిపేరు కస్తూరివారు, ఇంట గబ్బిలాల కంపు" అను సామెత యూరక పుట్టలేదు. ఇంటిపేరు తాతముత్తాతలనుండి రావలెను గాని, ఈ కస్తూరి పేరు ఏడాదికి సుమారు వేయి రూపాయలకు కొనదొరకును. నావంటివారు నలుగురు చిక్కినచో 50,000 వచ్చు మోసగానికి ఆ వేయి యొక లెక్కయా?

ఉచిత చిరునామా యనిన జనులకు అనుమానమేల పుట్టినదని పిమ్మట నేను విచారించితిని. దానికొక కారణము లేకపోలేదు. మొదటి దినములలో ఈమెయిలు చిరునామా మనిషికి తన యాఫీసువలననో, విశ్వవిద్యాలయమువలననో, డబ్బుకట్టి తీసికొన్న ఇంటర్నెట్టు కనెక్షనువలననో వచ్చెడిది. చిరునామా చూడగానే ఆ మనిషి నెఱిగిన సంస్థ యొకటి వెనుక గలదని తెలిసెడిది. 1996 జూలై 4వ తేదీన సబీర్ భాటియా, జాక్ స్మిత్ అను నిద్దఱు అమెరికాలో హాట్‌మెయిలు అనుదానిని స్థాపించి, అడిగినవారికెల్ల వెలలేకుండ చిరునామా లిచ్చిరి. ఈ భాటియా చండీగఢ్‌లో పుట్టి బెంగుళూరులో పెరిగినవాడు. 2004 ఏప్రిల్ 1న గూగుల్ వారి జీమెయిలు వచ్చినది. పేదకును ధనికునకును, పల్లెకును పట్టణమునకును చిరునామా సమానముగ దొరకినది. అది గొప్ప మేలు. కాని పూచీపడు సంస్థ వెనుక లేకపోవుటచే, మంచివానికెంత సులువుగ దొరకునో మోసగానికిని అంతే సులువుగ దొరకినది. ఆనాటి యనుమానమే పెద్దలనుండి పిల్లలకు దిగివచ్చిన మాటవలె నేటికిని నిలిచినది.

అనుమానము నిలిచినది గాని, దాని కాధారమైన తేడా నిలువలేదు. స్వంత పేరుగల చిరునామా ఆనాడు శ్రమతోడను ఖర్చుతోడను గూడిన పని. నేడది యొక గంటలో ముగియును. వెబ్‌సైటు పేరు ప్రక్కన మనము చూచుచు వచ్చిన తాళపు గుర్తును అంతే. అది మనమును ఆ వెబ్‌సైటును మాటాడుకొనుట నడుమ నెవరును వినకుండ నుండుటకే గాని, అవతలివాడు సత్యసంధుడని చెప్పుటకు గాదు. దొంగతో మాటాడినను ఆ మాటలు భద్రముగనే పోవును. జనులు దీనిని తప్పుగా నర్థము చేసికొనుచున్నారని గూగుల్ వారు తమ క్రోము బ్రౌజరులో 2023 సెప్టెంబరులో ఆ తాళపు బొమ్మను తీసివేసి వేఱొక బొమ్మ నుంచిరి.

మఱి దేనిని నమ్మవలెను? ఈ ప్రశ్నకు మా నాయనమ్మ జవాబిచ్చిపోయినదని నాకిప్పుడు తోచుచున్నది. మా చిన్నతనమున ఏటేట సంక్రాంతికి ముందు ఒక గుడ్డలమూటవాడు మా యూరికి వచ్చెడివాడు. దుకాణము లేదు, బోర్డు లేదు. అరుగుమీద మూట విప్పుటయే వాని కొట్టు. అయినను నాయనమ్మ రెండు చీరలకు సొమ్మిచ్చి, మూడవది వచ్చేయేడు తెమ్మని బయానా గూడ చేతిలో బెట్టెడిది. ఆ లెక్క తలుపు వెనుక గోడమీద బొగ్గుతో గీసికొనెడిది. "వాడు రాకపోతే?" అని నేనొకసారి యడిగితిని. "మా అత్తగారి నాటినుంచీ వస్తున్నాడే. ఒక్క చీర కోసం ఇన్ని గడపలు పోగొట్టుకుంటాడా?" అని నవ్వినది. ఆమె నమ్మినది వాని మూటను గాదు. ఇరువదియేండ్లు వచ్చిన వాని రాకను.

ఈ మాటనే అర్థశాస్త్రజ్ఞులు మఱియొక రీతిగ జెప్పిరి. 1970లో జార్జి ఏకర్లాఫ్ అను అమెరికా పండితుడు పాతకార్ల బేరమును గూర్చి యొక వ్యాసము వ్రాసెను. కారు గుణదోషములు అమ్మువానికి తెలియును, కొనువానికి తెలియవు. కావున కొనువాడు మంచికారునకును చెడ్డకారు ధరయే చెప్పును. ఆ ధరకు గిట్టక మంచికారు గలవారు సంత విడిచిపోవుదురు. తుదకు చెడ్డవే మిగులును. 1973లో మైకేలు స్పెన్స్ అను నాతడు దీనికి మందును సూచించెను: మంచివానికి సులువును చెడ్డవానికి కష్టమును అగు గుర్తు ఏదియో దానిని చూడవలెనట. 2001లో వీరిద్దఱికిని, జోసెఫ్ స్టిగ్లిట్జ్ అను మూడవవానితో గలిపి, అర్థశాస్త్రమున నోబెలు బహుమానము వచ్చినది. ఏకర్లాఫ్ మాట చదివినపుడు నాకు ఉప్పాడ జ్ఞప్తికి వచ్చినది. నావంటివారు పదుగురు "స్వంత చిరునామా లేదు" అని త్రోసివేసినచో, సంత విడిచిపోవునది ఆ నేతయింటి యిల్లాలే గాని మోసగాడు కాడు. వాడు వేయి రూపాయలు పెట్టి మఱియొక పేరు కొనుక్కొని మఱల వచ్చును.

స్పెన్స్ చెప్పిన కొలతను చేతబట్టుకొని చూచితినేని, ఏ గుర్తు దొంగకు కష్టము? చిరునామా కొనుట కష్టము గాదు. ఫొటోలు ఇతరుల వెబ్‌సైటులనుండి ఎత్తుకొని వచ్చుట కష్టము గాదు. పొగడ్తలు వ్రాయించుకొనుట కష్టము గాదు. ఒకే పేరుతో, ఒకే చిరునామాతో, ఒకే ఫోనుసంఖ్యతో అయిదేండ్లు నిలిచియుండుట వానికి కష్టము. అడిగిన వస్తువును అడిగిన వైపునుండి, ఆనాటి వార్తాపత్రికను ప్రక్కన బెట్టి, మఱల ఫొటో తీసి పంపుట కష్టము. మగ్గమునొద్ద నిలిచి వీడియోలో మాటాడుట కష్టము. ఉత్తరములోని పేరును, యూపీఐలో సొమ్ము పంపుటకు ముందు కనబడు పేరును ఒకటిగ నుండుట కష్టము. నా దుకాణమువారి విషయములో ఆ పేరు దుకాణముదిగాక ఎవరో యొక వ్యక్తిదైయుండెను. నేను చూచితిని. చూచియు, స్వంత చిరునామా గలవారు గదా యని సరిపెట్టుకొంటిని. అన్నిటికంటె ముఖ్యముగ, సొమ్ములో కొంతయైనను వస్తువు ముట్టిన పిదప తీసికొందునని యొప్పుకొనుట దొంగకు మిక్కిలి కష్టము. నేతగాని భార్య ఆ మాటను తానై చెప్పినది. దుకాణమువారు దానికి నేరుగా వ్యతిరేకముగ చెప్పిరి. రెండుత్తరములును నా చేతిలోనే యున్నవి. నేను చూచినది మాత్రము చిరునామాలనే.

అట్లని ఉచిత చిరునామాలన్నియు నిర్దోషములని నేననుట లేదు. అవి నిజముగా ప్రమాదసూచకములగు చోటొకటి కలదు. బ్యాంకువారమనియో, కరెంటు శాఖవారమనియో, పేరుపడ్డ పెద్ద కంపెనీవారమనియో చెప్పుకొనుచు జీమెయిలునుండి యెవరైన వ్రాసినచో, ఆ యుత్తరమును అక్కడనే విడిచిపెట్టవలెను. అంతటి సంస్థకు తన పేరుగల చిరునామా లేకపోవుట యుండదు. పదిమగ్గముల పల్లెలోని స్త్రీకి లేకపోవుట సహజము. కావున చూడవలసినది చిరునామా యుచితమా కాదా యని కాదు. చెప్పుకొన్న మాటకును చిరునామాకును పొత్తు కుదిరినదా యని. చిన్న మాటకు చిన్న చిరునామా చాలును. పెద్ద మాటకు చాలదు.

పెద్ద చిరునామానైనను అక్షరమక్షరము చదువవలెను. ఇంగ్లీషులో 'ఎమ్' అక్షరమునకు బదులు 'ఆర్', 'ఎన్' అను రెండక్షరములను ప్రక్కప్రక్కన వ్రాసిన, చిన్న ఫోనులో మన కన్నులకు తేడా తెలియదు. ఉత్తరముపై కనబడు పేరు వ్రాసినవాడు తానుగ బెట్టుకొన్నదే. దాని వెనుకనున్న చిరునామాను తాకి చూడవలెను. తెలిసినవారి పాత చిరునామానుండియే క్రొత్తరకపు ఉత్తరము వచ్చి, సొమ్మును వేఱొక ఖాతాకు పంపుమనిన యెడల, ఆ చిరునామాను ఎవరైన హరించిరేమో యని, మనయొద్ద పూర్వమునుండి యున్న ఫోనుసంఖ్యకు మాటాడి తెలిసికొనవలెను. సొమ్ము పుచ్చుకొనుటకు యూపీఐ పిన్ను నొక్కవలసిన పనియే లేదను మాటను అమ్ముకొనెడి సోదరీమణులు మఱవరాదు. "మీకు సొమ్ము పంపుచున్నాము, పిన్ను కొట్టుడు" అన్నవాడు మన సొమ్మునే తీసికొనిపోవువాడు.

చట్టము గూడ మనకు కొంత తోడున్నది. 2020లో వచ్చిన ఈ-కామర్సు వినియోగదారుల రక్షణ నియమముల ప్రకారము, ఆన్‌లైనులో వర్తకము చేయు సంస్థలు తమ అసలు పేరును, ముఖ్య కార్యాలయపు చిరునామాను, ఫిర్యాదులు వినెడి అధికారి పేరును వెబ్‌సైటులో కనబఱచవలెను. ఫిర్యాదు ముట్టినదని 48 గంటలలో తెలిపి, ఒక నెలలో పరిష్కరింపవలెను. ఆ వివరములు లేని వెబ్‌సైటు, ఎంత మెఱుగుపెట్టినదైనను, మేడిపండే. వినియోగదారుల సహాయమునకు 1915, సొమ్ము మోసపోయినచో 1930 అను రెండు ఫోనుసంఖ్యలను వంటయింటి గోడమీద వ్రాసి పెట్టుకొనుడు. మా నాయనమ్మ బొగ్గుగీతల చోట మా యింట ఇప్పుడవి యున్నవి.

ఇక ఆవకాయ సంగతి. మా ఆడుబిడ్డ 2024లో భర్తను పోగొట్టుకొని ఇద్దఱాడపిల్లలతో మా యింటికి వచ్చినది. పెద్దపిల్ల ఇంజనీరింగు చదువుచున్నది. అన్నగారి పెన్షనుమీద భారము వేయుటకు ఆమె మనసొప్పలేదు. "వదినా, నాకు వచ్చినది పచ్చళ్లే" అన్నది. ఆమె చేయి తిరిగిన మనిషి. కలుపుట ఆమె పని, ఉత్తరములు నా పని. ఆహారపదార్థము లమ్మువారు చేసికొనవలసిన ఎఫ్‌.ఎస్‌.ఎస్‌.ఏ.ఐ. రిజిస్ట్రేషను చేయించి, 14 అంకెల సంఖ్యను తెచ్చుకొంటిమి. డొమైను మాత్రము కొనలేదు. ఆ సొమ్ముతో జాడీలు కొంటిమి. బెంగుళూరునుండి వచ్చిన 40 కిలోల బేరము, ఆ పిల్ల పరీక్షరుసుము కట్టవలసిన నెలలో వచ్చినది. ఆ ప్రత్యుత్తరము చదివి మా ఆడుబిడ్డ "మనము దొంగలమనుకొన్నదా, వదినా?" అని చిన్నబోయినది. "లేదమ్మా, నేనొకప్పుడు అనుకొన్నట్లే అనుకొన్నది" అంటిని. ఆమె కర్థము గాలేదు. నేనప్పుడు విప్పి చెప్పనులేదు.

రాత్రి కూర్చుండి జవాబు వ్రాసితిని. నిష్ఠురమాడలేదు. "అమ్మా! మీ యనుమానము న్యాయమైనది. మమ్ములను నమ్ముమని యడుగను, చూచుకొమ్మని యడిగెదను. మా రిజిస్ట్రేషను సంఖ్య ఇది. ఆ శాఖవారి వెబ్‌సైటులో వెదకిన మా ఆడుబిడ్డ పేరును మా యింటి చిరునామాయు కనబడును. సొమ్ము పంపునపుడును అదే పేరు కనబడును. రేపు పదిగంటలకు కాయలు కొట్టెదము. తీఱికయున్న వీడియోలో చూడవచ్చును. ముందుగా అరకిలో మాత్రము కొనుడు. అది నచ్చినచో 4,000 రూపాయలు పంపుడు, మిగిలినది సరకు ముట్టి, మూతలు విప్పి, రుచి చూచిన పిదప పంపవచ్చును" అని వ్రాసితిని. ఆ పిమ్మట మా వంట మనము చూచుకొందమని దీపమార్పి పరుంటిని.

మఱునాడు పదిగంటలకు ఆమె ఫోను చేసినది. మా పెరటిలో కాయలు కొట్టుచుండగా పావుగంట చూచి, "మా అమ్మ కూడా ఇలాగే జీడి తీసి గుడ్డతో తుడిచేదండీ" అన్నది. అరకిలో కొనలేదు. తొమ్మిదివేలును అప్పుడే పంపినది. ఎవరి పేరు చూచి పంపినదో, ఏ సంఖ్య వెదకి పంపినదో నాకు తెలియదు. గుడ్డతో కాయ తుడుచు ఆ చేయి చూచి పంపినదని మా ఆడుబిడ్డ నేటికిని అనును.

ఆ దినముననే నేను ఉప్పాడ దారిలోని ఆ యిల్లాలికి వ్రాసితిని. రెండేండ్ల నాటి చిరునామా పనిచేయునా యని సందేహించితిని. జవాబు సాయంకాలమునకే వచ్చినది; అదే చిరునామా, అదే పేరు, అవే రెండంకెలు. నేను జరిగినదంతయు దాచక వ్రాసి, క్షమింపుమని కోరియుంటిని. ఆమె పెద్దమాట లేమియు వ్రాయలేదు. "పర్వాలేదమ్మా. ఆ చీర దీపావళికి పోయింది. మీరు అడిగిన రంగు వేరు కదా అని కొంచెం నూలు అద్దించాం, అదే ఉండిపోయింది" అని మాత్రము వ్రాసినది. బయానా పంపకుండగనే, నా యుత్తరము చూచి, నాకై నూలునకు రంగు వేయించినదట! నేను ఆమె చిరునామానైనను నమ్మలేదు. ఆమె నా మాటను నమ్మినది.

ఆ నూలుతోనే మా ఆడుబిడ్డ పెద్దకూతురికి చీర నేయుచున్నారు. బయానా 3,000 పంపితిని. మగ్గముమీది ఫొటో వచ్చినది. తొందరలేదని వ్రాసితిని.

మా మఱది కుమారుడు "ఇప్పుడైనా ఒక డొమైన్ కొనండి దొడ్డమ్మా, కొనేవాళ్లకు ధైర్యంగా ఉంటుంది" అని మొన్న మఱల ననెను. వాని మాట త్రోసివేయను. కొనువారి భయమును తగ్గించునదేదైనను అమ్మువారు చేయవలసినదే. వచ్చే వేసవికి కొందుము. కాని పాత చిరునామాను మూసివేయము. దానిని నమ్మి వచ్చినవారు మఱల మమ్ములను వెదకుకొనుచు అక్కడికే వత్తురు. ఉచితమను మాటకు నేడు వెలలేనిదని యర్థము చెప్పుకొనుచున్నాము. తగినదని దానికి పూర్వార్థము. అయిదేండ్లు అచ్చటనే నిలిచి, వచ్చిన ప్రతి యుత్తరమునకును జవాబిచ్చిన చిరునామాకు ఆ రెండర్థములును చెల్లును.